నలిగిన కోయాక్స్ కేబుల్: దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయవచ్చు?

గగనవాణి:
అందరికీ నమస్కారం. రేడియో నుంచి యాంటెన్నా మాస్టు (స్తంభం) వైపు నేల మీదుగా వెళ్ళే నా ఆర్‌జీ-213 రకం కోయాక్స్ కేబుల్ మీద బరువైన నిచ్చెన కాలు నిలవడంతో, సుమారు 2 సెంటీమీటర్ల మేర కేబుల్ అణిగిపోయింది. నల్లటి పైతొడుగు చిరగలేదు కాని, వేలితో తడిమితే అక్కడ గుండ్రదనం పోయి కోలగా మారిందని స్పష్టంగా తెలుస్తోంది. కేబుల్ మొత్తం పొడవు 30 మీటర్లు. 7, 14 మెగాహెర్ట్జ్‌లలో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన తరంగం ఎంత వెనక్కి వస్తోందో చెప్పే నిష్పత్తి, 1 ఉంటే ఏమీ రానట్టు) ఇదివరకు ఎంత ఉండేదో ఇప్పుడూ అంతే ఉంది. 144 మెగాహెర్ట్జ్‌లో కూడా మీటరు సూదిలో తేడా కనిపించలేదు. ఇదే కేబుల్‌ను ఇకపై 432 మెగాహెర్ట్జ్‌కు కూడా వాడాలన్నది నా ఆలోచన. నలిగిన ముక్కను కోసి కనెక్టర్లతో అతకాలా, అలాగే వదిలేయాలా, లేక కేబుల్ మొత్తాన్ని మార్చాలా? మీటరు బాగానే ఉందంటున్నప్పుడు దాన్ని నమ్మవచ్చా అన్నది నా అసలు సందేహం.

తరంగశోధన:
గగనవాణి గారూ, ముందుగా లెక్క చూద్దాం. కోయాక్స్ కేబుల్ ఇంపీడెన్స్‌ను, అంటే అందులో వెళ్ళే తరంగపు వోల్టేజికీ కరెంటుకీ మధ్య నిష్పత్తిని, నిర్ణయించేవి రెండే: లోపలి కండక్టరు వ్యాసానికీ దాన్ని చుట్టి ఉన్న రాగి అల్లిక లోపలి వ్యాసానికీ మధ్యనున్న నిష్పత్తి ఒకటి, ఆ రెండింటి నడుమ ఉన్న డైఎలెక్ట్రిక్ (విద్యుత్తును పోనివ్వని పొర) స్వభావం మరొకటి. కేబుల్ అణిగినప్పుడు అల్లిక మధ్య తీగకు దగ్గరవుతుంది కాబట్టి అక్కడ కెపాసిటెన్స్ పెరిగి, ఇంపీడెన్స్ తగ్గుతుంది. మీ కేబుల్‌లో ఆ 2 సెంటీమీటర్ల భాగం 50 నుంచి 40 ఓములకు పడిపోయిందనుకుందాం. బాగా కనిపించే నొక్కుకు ఇది అంత తక్కువ అంచనా కాదు.

ఇలాంటి చిన్న భాగం నుంచి వెనక్కి వచ్చే పరావర్తనం, ఇంపీడెన్స్ ఎంత మారిందన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, తరంగదైర్ఘ్యంతో పోలిస్తే ఆ భాగం ఎంత పొడవుందన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఆర్‌జీ-213 వేగ గుణకం (కాంతి వేగంతో పోలిస్తే కేబుల్‌లో తరంగ వేగం) 0.66 కనుక 30 మెగాహెర్ట్జ్ దగ్గర కేబుల్ లోపలి తరంగదైర్ఘ్యం 6.6 మీటర్లు, అందులో 2 సెంటీమీటర్లు చాలా చిన్న భాగం. ఆ నొక్కు ఒక్కటే తెచ్చే ఎస్‌డబ్ల్యూఆర్ 1.01 కూడా దాటదు. 144 దగ్గర అది సుమారు 1.04, 432 దగ్గర సుమారు 1.13, 1296 దగ్గర సుమారు 1.4 అవుతుంది. అంటే నొక్కు ఒకటే అయినా, 14 మెగాహెర్ట్జ్‌లో దాని ఉనికిని ఏ మామూలు మీటరూ పసిగట్టలేదు. 1296 మెగాహెర్ట్జ్‌లో మాత్రం అది దాగదు.

వీటిలో 432 దగ్గరి 1.13 వల్ల పోయే శక్తి డెసిబెల్‌లో వందో వంతు, రెండు వందో వంతుల స్థాయిలోనే ఉంటుంది. అదే పౌనఃపున్యంలో ఆర్‌జీ-213 ఏ నొక్కూ లేకుండానే 100 మీటర్లకు దాదాపు 15, 16 డెసిబెల్లు మింగుతుంది. మీ 30 మీటర్ల కేబుల్ చివరకు మీరు పంపిన శక్తిలో మూడో వంతు మాత్రమే చేరుతుంది. 432 మీద మీకు నిజంగా ఆసక్తి ఉంటే, నొక్కు గురించి కంటే ముందు ఆలోచించవలసింది దీని గురించే.

రాగితీగ:
తరంగశోధన గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆ 40 ఓములు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడాలి, ఎందుకంటే బయట కనిపించే నొక్కు లోతుకూ లోపల జరిగిన మార్పుకూ ఎప్పుడూ పొంతన ఉండదు. పైతొడుగు కొంత, డైఎలెక్ట్రిక్ కొంత వెనక్కి ఉబ్బి సర్దుకుంటాయి. మధ్య తీగ మాత్రం ఒకసారి పక్కకు జరిగితే తిరిగి నడిమికి రాదు.

ఆర్‌జీ-213లో పాలిఎథిలీన్ పొర వ్యాసం సుమారు 7.25 మిల్లీమీటర్లు, ఏడు పోగుల మధ్య తీగ వ్యాసం సుమారు 2.25 మిల్లీమీటర్లు. అల్లిక గుండ్రంగానే ఉండి తీగ మాత్రం నడిమి నుంచి అర మిల్లీమీటరు జరిగిందనుకుంటే ఇంపీడెన్స్ 50 నుంచి 49కి మాత్రమే దిగుతుంది. ఒక మిల్లీమీటరు జరిగితే 46 దగ్గర ఆగుతుంది. రెండు మిల్లీమీటర్లు జరిగితే మాత్రం ఒక్కసారిగా 33 ఓముల దాకా పడిపోతుంది. ఈ తగ్గుదల మొదట్లో మెల్లగా, తరువాత ఏటవాలుగా ఉంటుంది. అందుకే కొద్దిగా కోలగా మారిన కేబుల్‌ను చూసి కంగారు పడనవసరం లేదని అంటాను, కాని పదునైన మడతను చూస్తే ఊరుకోను. రెండు మిల్లీమీటర్లు జరిగిన తీగకూ అల్లికకూ నడుమ మిగిలేది సుమారు అర మిల్లీమీటరు పాలిఎథిలీన్ మాత్రమే.

మేఘమాల:
ఆ అర మిల్లీమీటరు పొర వోల్టేజిని తట్టుకోగలదా? నేను 100 వాట్లు మాత్రమే వాడుతాను కాని, కొందరు మిత్రులు 1000 వాట్ల దాకా వెళ్తారు.

రాగితీగ:
మేఘమాల గారూ, వోల్టేజి ఒక్కదాన్నే చూస్తే తట్టుకుంటుంది. 50 ఓముల లైనులో 100 వాట్లకు శిఖర వోల్టేజి 100 వోల్టులు, 1000 వాట్లకు సుమారు 316 వోల్టులు. ఎస్‌డబ్ల్యూఆర్ 4 ఉన్నా 1000 వాట్ల దగ్గర అది 630 వోల్టులే. లోపం లేని ఘన పాలిఎథిలీన్ అర మిల్లీమీటరు మందంలో దీనికి ఎన్నో రెట్లు భరిస్తుంది.

ప్రమాదం వేడి నుంచి వస్తుంది. మామూలు మాటల సంభాషణలో ట్రాన్స్‌మిటరు సగటు శక్తి తక్కువ. డిజిటల్ విధానాల్లో, ఆర్‌టీటీవైలో (రేడియో టెలిటైపులో) పూర్తి శక్తి ఆగకుండా వెళ్తూ మధ్య తీగ వేడెక్కుతుంది. వేడెక్కిన పాలిఎథిలీన్ మెత్తబడుతుంది. కేబుల్ బిగుతుగా వంగి ఉన్న చోట మధ్య తీగ ఎప్పుడూ వంపు లోపలి వైపు ఒరగాలనే చూస్తుంది కాబట్టి, మెత్తబడిన పొరలోంచి అది నెలల తరబడి కొద్దికొద్దిగా జరుగుతూ, చివరికి అల్లికను తాకే స్థితికి వస్తుంది. ఆ రోజు వరకూ మీటరు ఏమీ చెప్పదు. ఎండలో కాగిన పైకప్పు మీద, సన్నటి వ్యాసార్థంలో వంగి ఉన్న నురగ డైఎలెక్ట్రిక్ కేబుళ్ళలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

పాత_మాస్టు:
వంపు వ్యాసార్థం గురించి ఇక్కడే ఒక మాట. ఒకసారి వంచి స్థిరంగా బిగించే కేబుల్‌కు బయటి వ్యాసానికి అయిదు రెట్లు, పదేపదే కదిలే కేబుల్‌కు పది రెట్లు కనీస వ్యాసార్థం ఉండాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న నియమం. 10.3 మిల్లీమీటర్ల ఆర్‌జీ-213కు అది 5 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు అవుతుంది. అల్లిక కింద అల్యూమినియం రేకు ఉండే ఎల్‌ఎంఆర్-400 కేబుల్ తయారీదారు ఒకసారి వంచడానికి 25.4 మిల్లీమీటర్లు, పదేపదే వంచడానికి 101.6 మిల్లీమీటర్లు అని ఇస్తాడు. ఈ మొదటి అంకెను మాత్రమే గుర్తుపెట్టుకుని, రొటేటరు (యాంటెన్నాను తిప్పే మోటారు) చుట్టూ తిరిగే లూపులో ఆ కేబుల్ వాడే వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అల్లిక కింద ఉన్న అల్యూమినియం రేకు పదేపదే వంగితే బీటలు వారుతుంది. రేకు చీలిన చోట అల్లిక పోగుల కలయిక ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా ఉండి, యాంటెన్నా తిప్పినప్పుడల్లా రిసీవరులో గరగర వినిపిస్తుంది. చాలామంది ఆ చప్పుడుకు రొటేటరునో, యాంటెన్నా కనెక్టరునో అనుమానిస్తారు.

ఇక క్లిప్పుల గురించి. టవరు పొడవునా ఖచ్చితంగా సమాన దూరంలో, గట్టిగా బిగించిన ప్లాస్టిక్ టైలు చూడముచ్చటగా ఉంటాయి. ఆ సమాన దూరమే చేటు తెస్తుంది. ఒక్కో టై దగ్గర కేబుల్ కొద్దిగానే నొక్కుకుంటుంది, ఒక్కో దాని పరావర్తనం లెక్కలోకి రానంత చిన్నది. కాని టైల మధ్య దూరం కేబుల్ లోపలి తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైన పౌనఃపున్యంలో ఆ చిన్నచిన్న పరావర్తనాలన్నీ ఒకే దశలో కలిసి వెనక్కి వస్తాయి. 0.85 వేగ గుణకం ఉన్న కేబుల్‌ను 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బిగిస్తే ఆ పౌనఃపున్యం 425 మెగాహెర్ట్జ్, దాని మూడో గుణిజం 1275. రెండూ మనం వాడే బ్యాండ్ల అంచుల్లోనో లోపలో పడుతున్నాయి చూడండి. ఒక్కో టై నుంచి నూటికి ఒక వంతు వోల్టేజి వెనక్కి వస్తుందనుకున్నా, అలాంటివి ఇరవై కలిస్తే, నడుమ కేబుల్ నష్టాన్ని వదిలేసి చూస్తే, ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 దాకా వెళ్తుంది. టైలను ఎడంగా, అసమానంగా, వేలితో జరిపితే జరిగేంత వదులుగా కట్టడమే దీనికి మందు.

గగనవాణి:
అందరికీ కృతజ్ఞతలు. మరి 144లోనైనా మీటరు చూపినదాన్ని నమ్మవచ్చా? నేను మీటరును రేడియో పక్కనే, అంటే కేబుల్ కింది చివర పెట్టి చూశాను.

తరంగశోధన:
కింది చివర చూసిన ఎస్‌డబ్ల్యూఆర్ నుంచి కేబుల్ ఆరోగ్యాన్ని తేల్చలేం. కేబుల్ నష్టం వెళ్ళే తరంగాన్నీ తగ్గిస్తుంది, తిరిగొచ్చే తరంగాన్నీ తగ్గిస్తుంది. ఒకవైపు నష్టం 4.7 డెసిబెల్లు ఉన్న మీ కేబుల్‌నే 432 దగ్గర తీసుకుంటే, పైన యాంటెన్నా ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉన్నా కింద 1.4 మాత్రమే కనిపిస్తుంది. యాంటెన్నాను పూర్తిగా విప్పేసినా కింది మీటరు 2 దగ్గరే నిలుస్తుంది. కేబుల్ లోపలికి నీరు చేరి నష్టం పెరిగేకొద్దీ ఎస్‌డబ్ల్యూఆర్ ఇంకా మెరుగ్గా కనిపిస్తుంది. బ్యాండు అంతటా చదునుగా 1.2 ఉన్న పాత కేబుల్‌ను చూసి సంతోషించడం కంటే అనుమానించడమే సరైన పని.

చేయవలసిన కొలత ఇది. పై చివర యాంటెన్నా తీసేసి, కేబుల్ చివరను తెరిచి లేదా షార్టు చేసి, కింది నుంచి రిటర్న్ లాస్ (పంపిన దానికంటే తిరిగొచ్చిన తరంగం ఎన్ని డెసిబెల్లు తక్కువో) కొలవండి. వచ్చిన డెసిబెల్లలో సగం ఆ కేబుల్ ఒకవైపు నష్టం. తయారీదారు పట్టికతో దాన్ని పోల్చండి. పట్టిక కంటే గణనీయంగా ఎక్కువ వస్తే ఆ కేబుల్‌లో నొక్కు ఉన్నా లేకపోయినా మార్చవలసిందే.

మేఘమాల:
నానోవీఎన్‌ఏ (వేర్వేరు పౌనఃపున్యాల్లో పరావర్తనాన్ని కొలిచే చిన్న పరికరం) ఉంటే నొక్కు ఎక్కడుందో దూరం కూడా చూపిస్తుందంటారు కదా? నేను 900 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ పెట్టి ప్రయత్నిస్తే, కేబుల్ చివర అసలు ఉండకూడని చోట కనిపించింది.

తరంగశోధన:
మేఘమాల గారూ, అది పరికరం లోపం కాదు. స్వీప్ (కొలత జరిపే పౌనఃపున్యాల పరిధి) ఎంత వెడల్పుగా ఉంటే రెండు దగ్గరి లోపాలను అంత విడదీసి చూపగలదు. కాని ఆ పరిధిలో కొలిచే బిందువుల సంఖ్య మారనప్పుడు, వెడల్పు పెరిగేకొద్దీ చూడగలిగే గరిష్ఠ దూరం తగ్గిపోతుంది. 101 బిందువులతో, 0.66 వేగ గుణకంతో, 900 మెగాహెర్ట్జ్ వెడల్పులో సుమారు 11 సెంటీమీటర్ల స్పష్టత వస్తుంది, కాని గరిష్ఠ దూరం 11 మీటర్లే. దాని కంటే దూరంలో ఉన్న ప్రతి పరావర్తనమూ మడిచిన కాగితం మీది గీతలా వెనక్కి తిరిగి, దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. 30 మీటర్ల కేబుల్‌కు వెడల్పును 300 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. అప్పుడు 33 మీటర్ల దాకా చూడవచ్చు, స్పష్టత 33 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 30 మెగాహెర్ట్జ్ దాకా మాత్రమే పనిచేసే యాంటెన్నా ఎనలైజరుతో ఈ పని కుదరదు, దాని స్పష్టత 3 మీటర్ల పైమాటే. వేగ గుణకాన్ని సరిగ్గా ఇవ్వడం మరిచిపోకండి: ఘన పాలిఎథిలీన్‌కు 0.66, టెఫ్లాన్‌కు సుమారు 0.7, నురగ రకాలకు తయారీదారు ఇచ్చిన విలువ.

దూరం చూపే గ్రాఫులో చిన్న కొండ కనిపించగానే భయపడవద్దు. కనెక్టర్లు కూడా కొండలే చూపిస్తాయి. కొత్త కేబుల్ వేసిన రోజే ఒకసారి కొలిచి ఆ గ్రాఫును దాచుకుంటే, తరువాత వచ్చిన మార్పు ఏమిటో వాదన లేకుండా తెలుస్తుంది. ఈ అలవాటు మన హ్యాముల్లో (అమెచ్యూర్ రేడియో వాళ్ళలో) ఎంతో తక్కువగా ఉంది. మరింతమందికి ఉండాలని నా కోరిక.

స్థిరధ్వని:
నలిగిన చోట అడ్డంగా పట్టకారుతో మెల్లగా నొక్కి గుండ్రంగా చేస్తే సరిపోతుంది కదా? నేను చాలాసార్లు అలా చేసి చూశాను, చూడటానికి మామూలుగానే అవుతుంది.

రాగితీగ:
స్థిరధ్వని గారూ, చూడటానికి మామూలుగా అవుతుందన్నది నిజమే. ఘన పాలిఎథిలీన్ కేబుల్‌లో కొంత మేలు కూడా జరగవచ్చు, ఎందుకంటే అల్లిక కొంతవరకు పాత ఆకారానికి వస్తుంది. అయితే నురగ డైఎలెక్ట్రిక్ ఉన్న కేబుల్‌లో ఇది అసలు పనికిరాదు. నురగలోని గాలి గదులు ఒకసారి నలిగితే తిరిగి తెరుచుకోవు. అక్కడ రెండు నష్టాలు కలుస్తాయి: అల్లిక దగ్గరవుతుంది, గాలి పోయి పదార్థం చిక్కబడి దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 1.4 ప్రాంతం నుంచి ఘన పాలిఎథిలీన్ విలువైన 2.3 వైపు జరుగుతుంది. రెండూ ఇంపీడెన్స్‌ను కిందికే లాగుతాయి. పట్టకారుతో అడ్డంగా నొక్కితే ఇంతవరకు నలగని పక్కలు కూడా నలుగుతాయి. పైగా పట్టకారు పళ్ళు పైతొడుగు మీద కంటికి ఆనని గాట్లు పెడతాయి.

పైతొడుగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దని అందరినీ కోరుతున్నాను. కేబుల్ రూపం చెడిన చోట అన్నిటి కంటే ఎక్కువ హాని చేసేది ఇంపీడెన్స్ మార్పు కాదు, ఆ వంపు దగ్గర పైతొడుగు సాగి, పలచబడి, ఎండకు బీటవారి లోపలికి వచ్చే నీరు. అల్లిక దీపపు వత్తిలా నీటిని మీటర్ల దూరం లాక్కుపోతుంది. రాగి పోగులు నల్లబడి, పోగుకూ పోగుకూ మధ్య నిరోధం పెరుగుతుంది, పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ నష్టం ఇంకా బాగా తెలుస్తుంది. నొక్కు తెచ్చే పరావర్తనం ఎప్పటికీ అంతే ఉంటుంది. నీరు తెచ్చే నష్టం ప్రతి వానకూ పెరుగుతుంది. గగనవాణి గారూ, మీరు ఇవాళే చేయవలసిన పని ఏదైనా ఉంటే, అది ఆ రెండు సెంటీమీటర్లను భూతద్దంతో చూసి, చిన్న చీలిక ఉన్నా లేకపోయినా తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని పైన వినైల్ టేపు వేయడం.

పాత_మాస్టు:
కోసి అతకడం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. పీఎల్-259 రకం కనెక్టర్లు రెండు, వాటి మధ్య వాటిని కలిపే గొట్టం లాంటి బ్యారెల్ ఒకటి పెట్టి అతికితే, ఆ అతుకే మరో నొక్కులా పనిచేస్తుంది. ఆ కనెక్టర్ల ఇంపీడెన్స్ 50 ఓముల దగ్గర స్థిరంగా ఉండదు, ఉన్న పొడవు కూడా కొన్ని సెంటీమీటర్లు. హెచ్‌ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ లోపు) దాని ప్రభావం లేదు. 432లో అది మీరు తీసేసిన నొక్కుకు సమానమో, ఎక్కువో అవుతుంది. దానికి తోడు ఆరుబయట నీరు చేరడానికి రెండు కొత్త దారులు తెరిచినట్టే. అతకక తప్పదంటే ఎన్-రకం కనెక్టర్లు వాడండి. నొక్కు కేబుల్ చివరికి దగ్గరగా ఉంటే ఆ చివరను అక్కడిదాకా కోసేసి, కొత్త కనెక్టరు వేసుకోవడం అన్నిటి కంటే మేలు.

మేఘమాల:
ఫెరైట్ రింగు మీద కోయాక్స్ చుట్టి చోక్ (అల్లిక బయటి వైపు పారే అనవసర కరెంటును ఆపేది) చేసేటప్పుడు మనమే కావాలని బిగుతుగా వంచుతాం కదా, అక్కడ ఈ నియమాలు వర్తించవా?

రాగితీగ:
వర్తిస్తాయి. అందుకే అక్కడ ఆర్‌జీ-58 నురగ రకాలు కాకుండా, ఆర్‌జీ-316, ఆర్‌జీ-400 వంటి టెఫ్లాన్ కేబుళ్ళు వాడతారు. అవి వేడికి మెత్తబడి తీగను జరగనివ్వవు, సన్నటి వ్యాసార్థాన్ని కూడా ఓర్చుకుంటాయి. అయితే టెఫ్లాన్‌కు తనదైన బలహీనత ఒకటి ఉంది: చల్లగా ఉన్నప్పుడు కూడా, ఆగని ఒత్తిడి కింద అది మెల్లగా పక్కకు పారుతుంది. కాబట్టి రింగు అంచు మీద మొదటి చుట్టునూ చివరి చుట్టునూ ప్లాస్టిక్ టైతో కోసుకునేంత బిగించవద్దు. రింగు అంచులకు టేపు చుట్టి, ఆ పైన కేబుల్ చుట్టండి.

స్థిరధ్వని:
పట్టకారు గురించి చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇంకొక సంగతి అడగాలి. కొత్త కేబుల్ చుట్టను విప్పేటప్పుడే మెలికలు పడి, ఆ మెలికలను లాగితే కేబుల్ మడతపడుతోంది. దీనికి మార్గమేమిటి?

పాత_మాస్టు:
చుట్టను నేల మీద పడుకోబెట్టి ఒక పక్క నుంచి లాగితే, బయటికి వచ్చే ప్రతి చుట్టుకూ కేబుల్‌లో ఒక పూర్తి మెలి చేరుతుంది. లాగినప్పుడు ఆ మెలి అంతా ఒకచోట చేరి మడతగా మారుతుంది. చుట్టను నిలబెట్టి చక్రంలా దొర్లిస్తూ, లేదా కడ్డీకి తగిలించి తిప్పుతూ విప్పాలి. మెలిక పడిన కేబుల్‌ను ఎప్పుడూ లాగకూడదు. వెనక్కి తిప్పి మెలిని విప్పిన తరువాతే సాగదీయాలి. టవరు మీద వేలాడదీసేటప్పుడు కూడా బరువంతా పై కనెక్టరు మీదా, ఒక్క టై మీదా పడనివ్వకుండా, పైన వల లాంటి గ్రిప్పుతో పట్టి, నడుమ మళ్ళీ మళ్ళీ ఆసరా ఇవ్వాలి.

తరంగశోధన:
ముడతల రాగి గొట్టం ఉన్న హార్డ్‌లైన్ వాడేవారికి ఒక హెచ్చరిక కూడా చేర్చుతాను. మెత్తటి కేబుల్‌లో ఉన్నంత వెసులుబాటు దానికి లేదు. గొట్టం ఒకసారి విరుపు తిరిగితే, సరిచేసే ప్రయత్నంలో రాగి గట్టిపడి బీటవారుతుంది. ఆ బీటలోంచి చేరిన నీరు గాలి నింపిన రకాల్లో కిందికి జారి, పల్లంలో నిలిచిపోతుంది. అలాంటి కేబుల్‌ను 1296కు వాడుతుంటే విరుపు ఉన్న భాగాన్ని కోసి, ఆ రకానికే తయారైన కనెక్టర్లతో అతకండి. 7, 14 మెగాహెర్ట్జ్‌లకు మాత్రమే వాడుతుంటే, విరుపు దగ్గర గొట్టం చిట్లలేదని నిర్ధారించుకుని, నీరు చేరకుండా మూసి, వాడుకుంటూ ఉండండి.